మర్రి చెన్నారెడ్డి

మర్రి చెన్నారెడ్డి (1919–1996) వైద్య పట్టా పుచ్చుకుని రాజకీయాల్లోకి వచ్చిన తెలంగాణ నాయకుడు. ఆంధ్రప్రదేశ్‌కు రెండుసార్లు ముఖ్యమంత్రిగా, నాలుగు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. ఇప్పటి వికారాబాద్ జిల్లాలో పుట్టి, 1941లో ఉస్మానియా వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేశారు. పేరు ముందు డాక్టరు చివరిదాకా నిలిచింది గానీ, ఆయన అసలు వృత్తి రాజకీయమే.

డాక్టర్లు పాలకులు కావడం కొత్తేమీ కాదు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం పెట్టిన వైద్యుడు జోసయా బార్ట్‌లెట్ 1792లో న్యూహాంప్‌షైర్ గవర్నరయ్యారు. తెలుగువారిలో బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య 1952లోనే మధ్యప్రదేశ్ రాజభవన్ చేరారు. అయితే అమెరికా గవర్నరు జనం ఎన్నుకున్న పాలకుడు, మన లెక్కలో ముఖ్యమంత్రి వంటివాడు. ఇక్కడి గవర్నరును నియమించేది రాష్ట్రపతి. చెన్నారెడ్డి రెండు కుర్చీల్లోనూ కూర్చున్నారు. ఎక్కడున్నా ఊరికే సంతకాలు పెట్టే మనిషి కాదు.

1952లో వికారాబాద్ నుంచి గెలిచి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో చేరారు. ఆంధ్రతో విలీనమయ్యే తెలంగాణకు హామీలిచ్చిన 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసినవారిలో ఆయనొకరు. 1967లో కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యారు. మరుసటేడు ఎన్నికల కేసులో కోర్టు తీర్పు వ్యతిరేకంగా రావడంతో పదవి పోయింది, పోటీకి అనర్హత పడింది.

ఒప్పందం అమలు కాలేదన్న కోపం 1969లో బద్దలైంది. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు దక్కడం లేదంటూ బొగ్గు ప్రాంతంలోనే, పాల్వంచలో, నిప్పు రాజుకుంది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక తెలంగాణ ప్రజా సమితి పగ్గాలు చెన్నారెడ్డి చేతికొచ్చాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీ తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. సింగరేణి గనులున్న పెద్దపల్లి కూడా వాటిలో ఉంది. అదే ఏడు పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఆయన్ను అభిమానించినవాళ్లలో చాలామంది మరచిపోనిదీ, క్షమించనిదీ ఇదే.

1974 నుంచి 1977 దాకా ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1978లో ఇందిరా కాంగ్రెస్‌ను గెలిపించి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నవంబరు 14న రామగుండం ఎన్టీపీసీ కేంద్రానికి జనతా ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఎదురెదురు పార్టీలున్నా పని ఆగలేదు. గోదావరిఖని బొగ్గుబాయిలు పక్కనే, నీటికి గోదావరి చెంతనే ఉండటం ఆ కేంద్రం అక్కడికి రావడానికి అసలు కారణం. తర్వాతి కాలంలో ఆ కేంద్రం 2600 మెగావాట్లకు పెరిగింది.

1980లో పదవి వదిలాక పంజాబ్ గవర్నరుగా వెళ్లారు. 1989 చివర రెండోసారి ముఖ్యమంత్రి అయి, హైదరాబాద్ మతఘర్షణల నడుమ ఏడాదికే రాజీనామా చేశారు. తర్వాత రాజస్థాన్, 1993లో తమిళనాడు గవర్నరయ్యారు. అక్కడ ముఖ్యమంత్రి జయలలితతో ఆయనకు పొసగలేదు. ఆమెను ప్రాసిక్యూట్ చేయడానికి 1995లో అనుమతి ఇవ్వడంతో గొడవ ముదిరింది. తిండివనం దగ్గర ఆయన వాహనశ్రేణిని ఆందోళనకారులు అడ్డగించారు.

తమిళనాడు గవర్నరుగా ఉండగానే 1996 డిసెంబరు 2న కన్నుమూశారు. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ప్రభుత్వోద్యోగులకు శిక్షణనిచ్చే సంస్థకు ఆయన పేరే పెట్టారు.