శ్రమకు మితి యెంత?

వ్యాయామము దేహమునకు మేలు చేయునని తెలియనివారుండరు. ఎంత తీవ్రముగ చేయవలెనన్న ప్రశ్న మాత్రము చాల పాతది. నేటికిని పూర్తిగ తీరనిది. మన ఆయుర్వేద గ్రంథములు దీనికొక కొలత చెప్పినవి. తన బలములో సగము వినియోగమగు వరకే మనుష్యుడు వ్యాయామము చేయవలెనని సుశ్రుత సంహితయు, వాగ్భటుని అష్టాంగ హృదయమును విధించినవి. అది అనుభవమునుండి పుట్టిన కొలత. జబ్బుల లెక్కలు తీసి, రక్తనాళములను పరీక్షించి, ఆ మితిని తేల్చుటకు ఆధునిక వైద్యులు పూనుకొని డెబ్బది యేండ్లకు కొంచెము పైబడినది. ఆ కథ లండను నగరపు రెండంతస్తుల బస్సులలో మొదలైనది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము బ్రిటనులో గుండెపోటు మరణములు పెరుగుచుండెను. కారణమును వెదకుచు జెరెమీ మారిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును లండను రవాణా సంస్థలోని సుమారు 31,000 మంది పురుషుల అనారోగ్య వివరములను 1949, 1950 సంవత్సరములకు సేకరించిరి. వారి వయస్సు 35 మొదలు 64 వరకు. డ్రైవరును, కండక్టరును తిరుగునది ఒకే బస్సులో, ఒకే వీథులలో. కాని డ్రైవరు పనివేళ యంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టికెట్లిచ్చుచు దినమునకు 500 మొదలు 750 మెట్లు ఎక్కి దిగుచుండును. లెక్క తేల్చి చూడగా కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినను, వెంటనే మరణించువారు తక్కువ. ఉత్తరములు పంచు పోస్టుమన్లకును, కుర్చీలో కూర్చుండి పనిచేయు గుమాస్తాలకును నడుమ ఇట్టి తేడాయే కనబడినది. ఈ ఫలితములు 1953 లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినవి.

ఐనను ఒక సందేహము మిగిలినది. స్థూలకాయులే డ్రైవరు పనిలో చేరుచున్నారేమో! మారిస్ దీనినికూడ పరీక్షించెను. సంస్థవారు ఉద్యోగులకిచ్చు దుస్తుల కొలతలు చూడగా, పడుచు వయస్సులోనే డ్రైవర్ల నడుము కండక్టర్ల నడుముకంటె లావుగ నున్నది. తన వాదమునకు అడ్డు వచ్చు ఈ సాక్ష్యమును 1956 లో ఆయనయే ప్రకటించెను. శాస్త్రజ్ఞునికి తగిన నిజాయితీ అది.

అందుచే ఆయన కూర్చుండి పనిచేయువారినే తీసికొని, వారిలో వారికే పోలిక చూచెను. 1968 మొదలు 1970 వరకు సుమారు 17,000 మంది ప్రభుత్వోద్యోగులచేత, ముందుగ చెప్పక ఒక సోమవారము ఉదయమున, గడచిన శుక్ర శనివారములలో చేసిన పనులన్నియు వ్రాయించెను. 1973 లో తేలినదేమన, తీవ్రమైన వ్యాయామము చేసినట్లు వ్రాసినవారికి గుండెజబ్బు వచ్చు అవకాశము తక్కినవారిలో మూడవవంతు మాత్రమే. తేలికపనులు ఎన్ని చేసినను అట్టి రక్షణ కనబడలేదు. శ్రమ యున్నదా లేదా అను ప్రశ్న పోయి, ఎంతటి శ్రమ అను ప్రశ్న ముందుకు వచ్చినది.

ఇంతకు శ్రమ నాళమునకు చేయు మేలేమి? 1980 లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేటి ధమని ముక్కలతో ఒక ప్రయోగమును ప్రకటించెను. నాళపు లోపలి పలుచని పొర చెక్కుచెదరకున్నచో మందు తగులగానే నాళము సడలును. పొర రాచుకొనిపోయినచో సడలదు. ఆ పొర విడుచు పదార్థము నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువని తరువాత తేలినది. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998 లో నోబెల్ బహుమానము లభించినది. మనము వడిగ నడచినప్పుడు రక్తప్రవాహము హెచ్చి పొరను ఒరయును. ఆ ఒరపిడికి పొర ఈ వాయువును ఎక్కువగ విడుచును. నాళము మెత్తబడి విప్పారును. నిత్యమును ఇట్లు జరిగినచో పొర పనితనము మెరుగగును.

అట్లయిన ఎంత తీవ్రమైన అంత మేలా? 2003 లో హిరోషిమా శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతులైన యువకులను మూడు జట్లు చేసి, వారి శక్తిలో నూటికి 25, 50, 75 పాళ్లు చొప్పున 12 వారములు శ్రమ చేయించిరి. నాళముల పని మెరుగుపడినది 50 పాళ్ల జట్టులోనే. 2007 లో నార్వేలోని ట్రోండ్‌హైమ్ నగరమున గుండె బలహీనపడిన వృద్ధులు 27 మందిపై జరిగిన పరీక్షలో మాత్రము, నాలుగేసి నిమిషముల తీవ్రశ్రమ, నడుమ విరామము అను పద్ధతియే నాళములకు హెచ్చు మేలు చేసినది. 2017 లో వెలువడిన 261 మంది రోగుల పరీక్షలో గుండె పరిమాణమునందుగాని, దేహశక్తియందుగాని తీవ్రశ్రమకు మితశ్రమకంటె ఆధిక్యము కనబడలేదు. పైగా తీవ్రశ్రమ విధింపబడినవారిలో సుమారు సగముమంది ఆ స్థాయిని అందుకొననే లేదు.

ఈ భేదములు చూచి మనము నిరాశ పడనక్కరలేదు. పడుచువానికి, ముదుసలికి, రోగికి కొలత ఒక్కటి కాదని మాత్రమే వీని అర్థము. 2020 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితశ్రమగాని, 75 మొదలు 150 నిమిషముల తీవ్రశ్రమగాని చాలునని చెప్పినది. మాటలాడ గలిగియు పాడలేనంతగ ఊపిరి వేగమగుటయే మితశ్రమకు గుర్తు. ఏండ్ల తరబడి కుర్చీకి అలవాటుపడినవారు అక్కడ ప్రారంభించి మెల్లగ హెచ్చించుకొనవలెను. గుండెజబ్బు గలవారు ముందుగ వైద్యుని అడుగవలెను. తన బలములో సగమెంతయో తెలిసికొనుటకు ఎవరికి వారు లేచి నడువవలసినదే.