కోటా, కమీషన్, గుత్తకూలి

సాఫ్ట్‌వేర్ అమ్మే ఉద్యోగానికి వచ్చే నియామకపత్రంలో సాధారణంగా రెండు అంకెలుంటాయి. మొదటిది కచ్చితంగా చేతికందే జీతం. రెండవది, కోటా పూర్తి చేస్తే దక్కే మొత్తం ఆదాయం. చాలా కంపెనీలలో మొదటిది రెండవదానిలో దాదాపు సగమే. అదే సాఫ్ట్‌వేర్‌ను రాసే ఇంజనీరు జీతం ఇలా ఊగిసలాడదు. ఈ తేడా కంప్యూటర్ల కన్నా పాతది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణంలో గల్లాపెట్టె యంత్రాలు చేసే ఒక చిన్న కంపెనీని జాన్ ప్యాటర్సన్ 1884లో కొని, దానికి నేషనల్ క్యాష్ రిజిస్టర్ అని పేరు పెట్టాడు. యంత్రాన్ని కనిపెట్టింది ఆయన కాదు; అదే ఊళ్ళో మద్యశాల నడిపిన జేమ్స్ రిట్టీ. ఎవరూ అడగని యంత్రాన్ని అమ్మే పద్ధతి మాత్రం ప్యాటర్సన్‌దే. జోసెఫ్ క్రేన్ అనే నేర్పరి సేల్స్‌మన్ మాటతీరును 1887లో చిన్న పుస్తకంగా వేయించి, మిగిలినవారంతా దాన్ని కంఠస్థం చేయాలన్నాడు. ఒక్కొక్కరికీ ఒక ప్రాంతం కేటాయించాడు. ఆ హద్దులలో యంత్రం ఎవరి ద్వారా అమ్ముడైనా కమీషన్ ఆ ప్రాంతపు మనిషికే. తోటి ఏజెంటే పోటీకి దిగే ఆ రోజులలో ఇది చిన్న రక్షణేమీ కాదు. దాని వెంటే కోటా వచ్చింది. దానిని అందుకున్నవారికి ‘హండ్రెడ్ పాయింట్ క్లబ్’ సభ్యత్వం. రక్షణా కొరడా ఒకే ఒప్పందంలో ఇమిడిపోయాయి.

ఆ బడిలో ఆరితేరిన థామస్ వాట్సన్ 1914లో మరో కంపెనీకి అధిపతిగా వచ్చాడు. 1924లో ఐబీఎం అని పేరు మార్చుకున్నది అదే. (పోటీదారులను అక్రమంగా అణచిన కేసులో ప్యాటర్సన్‌కూ వాట్సన్‌కూ 1913లో ఏడాది జైలుశిక్ష పడడం, అప్పీలులో ఆ తీర్పు రద్దవడం వేరే కథ.) ఐబీఎం తన లెక్కల యంత్రాలను అద్దెకిచ్చేది. ఖాతాదారు యంత్రాన్ని వెనక్కి పంపితే సేల్స్‌మన్ ఖాతాలో ఆ మేరకు కోత పడేది.

1934లో వాట్సన్ తన కర్మాగారాలలో చేసిన వస్తువుల లెక్కన కూలి ఇచ్చే పద్ధతిని రద్దు చేశాడు. మన పొలాల భాషలో చెప్పాలంటే గుత్తకూలి పోయింది. అదే సంస్థ అమ్మకాల విభాగంలో మాత్రం గుత్త అలాగే నిలిచింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచించదగినది ఇదే. నాలుగేళ్ళకు, 1938లో, కనీస వేతనాన్నీ ఓవర్‌టైమ్‌నూ హక్కుగా చేసిన కేంద్ర చట్టం బయట తిరిగి అమ్మేవారిని మినహాయించింది. వారి పనిగంటలు యజమాని కళ్ళముందు గడవవు గనుక లెక్కించడం కష్టమన్నది వాదన. మందుల కంపెనీల ప్రతినిధులు కూడా ఆ కోవలోకే వస్తారని సుప్రీంకోర్టు 2012లో 5–4 తేడాతో తేల్చింది.

శ్రమకు తగ్గ ఫలమన్న మాట ఎంతవరకు నిజం? 1940లో మొదటి పనిదినం నాడే వాట్సన్ కొడుకు ఏడాది కోటా పూర్తయింది. ఒక పెద్ద ఉక్కు సంస్థ ఖాతాను ఆయన ప్రాంతంలో చేర్చడమే కారణం. అందుకు తాను సిగ్గుపడ్డానని ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. 1962లో రాస్ పెరో కూడా ఐబీఎంలో జనవరిలోనే కోటా ముగించాడు, సొంత ప్రతిభతో. అయితే కమీషన్‌కు పరిమితి ఉండడంతో మిగిలిన ఏడాదంతా ఎంత అమ్మినా ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఆ ఏడే బయటికొచ్చి వెయ్యి డాలర్లతో ఈడీఎస్ స్థాపించాడు.

నేటి టెక్నాలజీ సేల్స్‌మన్ చాలావరకు ఆఫీసులోనే కూర్చుని, ఫోను మీదా తెర మీదా అమ్ముతాడు. అతని ప్రతి కాల్‌నూ సాఫ్ట్‌వేరే నమోదు చేస్తుంది. గంటలు లెక్కించలేమన్న పాత వాదన ఇక్కడ చెల్లదు. లోపల కూర్చుని అమ్మేవారికి ఆ మినహాయింపు వర్తించదు గనుకనే ఓవర్‌టైమ్ దావాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో 2013 నుంచి కమీషన్ లెక్కకట్టే పద్ధతిని రాతపూర్వకంగా ఒప్పందంలో చూపి, సంతకం చేసిన ప్రతిని ఉద్యోగికివ్వాలి. కోటా ఎంత ఉండాలో మాత్రం ఆ చట్టం చెప్పదు. ఆ అంకెను రాసేది ఇప్పటికీ కంపెనీయే.