పక్షుల జీర్ణావయవ విచ్ఛేదన – చరిత్ర

అడవి పక్షి కళేబరాన్ని కోసి, అన్నవాహిక నుంచి అవస్కరం దాకా జీర్ణావయవాల నిర్మాణాన్ని, వాటిలో మిగిలిన మేతను పరిశీలించే పద్ధతి ఇది. పక్షికి పళ్లు ఉండవు. చాలా జాతుల్లో మింగిన మేత మొదట గొంతు దిగువనున్న అన్నాశయంలో నిలుస్తుంది. గ్రంథి జఠరంలో జీర్ణరసాలతో కలిసి, కందనకాయకు చేరుతుంది. గింజలు తినే పక్షి కందనకాయను చీలిస్తే దళసరి ఎర్రటి కండ, లోపల గరుకైన గట్టి పొర, మేతలో కలిసిన ఇసుక, గులకరాళ్లు కనిపిస్తాయి. మాంసాహార పక్షుల్లో అది పల్చగా ఉంటుంది.

తొలి పరిశీలనలు

ఈ అవయవాలు జాతిని బట్టి మారతాయని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు. 17వ శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లోని చిమెంటో అకాడమీ సభ్యులు కోళ్లకు, బాతులకు గాజు గుండ్లు మింగించి, కొన్ని గంటల తర్వాత కోసి చూశారు. ఎండలో తెరిచిన కందనకాయల లోపలి గోడలు గాజుపొడితో తళతళలాడాయి.

అయితే మేత నలిగితే చాలా, కరగాలా? 1752లో ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమ్యూర్ లోహపు గొట్టంలో మాంసం పెట్టి ఒక వేటపక్షికి మింగించాడు. పక్షి కక్కిన గొట్టం చెక్కుచెదరలేదు, లోపలి మాంసం మాత్రం చాలావరకు కరిగింది. జీర్ణక్రియలో రసాయన చర్య ఉందని దీంతో తేలింది. ఇటలీలో స్పల్లంజాని ఈ ప్రయోగాలను విస్తరించాడు. పిల్లలను సాకే పావురాల అన్నాశయం పాలవంటి పదార్థాన్ని స్రవిస్తుందని 1786లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ వివరించాడు.

పొలం నుంచి సముద్రం దాకా

19వ శతాబ్దం చివరికి పరిశీలకుల దృష్టి పక్షి తిన్నదాని మీదికి మళ్లింది. పైరుకు అది మేలు చేస్తోందా, కీడా అన్నది తేల్చడానికి అమెరికా వ్యవసాయ శాఖ వేలాది పక్షుల కడుపులను పరీక్షించింది. మన దేశంలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1912లో భారతీయ పక్షుల ఆహారంపై గ్రంథం వెలువరించారు. పక్షుల పొట్టల్లో దొరికిన పురుగులను, గింజలను అందులో జాతులవారీగా నమోదు చేశారు. నేడు ఉత్తర సముద్ర తీరాలకు కొట్టుకొచ్చే ఫుల్మార్ పక్షుల కళేబరాల్లోని ప్లాస్టిక్‌ను తూచి సముద్ర కాలుష్యాన్ని అంచనా వేస్తున్నారు.

ప్రస్తుత స్థితి

ఆహారం తెలుసుకోవడానికే అయితే రెట్టల్లోని డీఎన్‌ఏ పరీక్ష చాలాసార్లు సరిపోతుంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధన కోసమైనా రక్షిత పక్షిని పట్టాలన్నా, చంపాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి. చనిపోయి దొరికిన రక్షిత పక్షి కూడా ప్రభుత్వ ఆస్తే కాబట్టి, దాన్ని కోయకుండా అటవీ శాఖకు తెలియజేయాలి.