యాద్ నుంచి యకీన్‌కు: ఒక రెండో ఆల్బం తారీఖ్

2000 సంవత్సరంలో ‘ది బిలీవర్’ అని ఒక ఆల్బం వచ్చింది. బిలీవర్ అంటే మన జబాన్‌లో యకీన్ ఉన్నవాడు. వాయించింది నలుగురు. ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, బంబయి ఉస్తాద్ జాకిర్ హుసేన్, మద్రాసు సెల్వగణేశ్, మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్. బృందం పేరు ‘రిమెంబర్ శక్తి’. ఇది వాళ్ల రెండో ఆల్బం.

దీని గురించి ఎందుకు రాస్తున్నానంటే, మన ఇళ్లలో సంగీతం మాట వస్తే రెండు సవాళ్లు ఎదురవుతాయి. లోపలి నుంచి, “సాజ్ పట్టుకోవడం మన పనేనా?” అని. బయటి నుంచి, “ఈ రాగాలు మీవేనా?” అని. మొదటిదానికి ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. రెండోదానికి మాత్రం తారీఖ్‌లోనే జవాబు ఉంది.

మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి, చెవులు గింగురుమనిపించే రాక్ వాయించాడు. నాలుగేళ్లకే ఆ హోరు వదిలేసి, ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో ‘శక్తి’ మొదలుపెట్టాడు. మూడు ఆల్బములు తీసి 1978 నాటికి విడిపోయారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత 1997లో మళ్లీ కలిశారు. ఈసారి శంకర్ లేడు. హరిప్రసాద్ చౌరాసియా బాన్సురీతో వచ్చాడు. ఆ కచేరీలే 1999లో మొదటి ఆల్బంగా వచ్చాయి. అందులో ‘ముక్తి’ అనే ఒక్క రచనే గంట సేపు నడుస్తుంది. తీరుబడిగా కూర్చుని పాత దోస్తులు పాత రోజులు తలుచుకున్నట్టు ఉంటుంది. పేరులోనే ఉంది కదా, రిమెంబర్! అంటే యాద్.

జనం మెచ్చారు. అదే తోవలో ఇంకో ఆల్బం తీసినా నడిచేది. కానీ వాళ్లు బాన్సురీ జాగాలో మాండొలిన్ పెట్టారు. ఇక్కడ ఎంత హిమ్మత్ కావాలో చూడండి. బాన్సురీకి శ్వాస ఉంది, వయొలిన్‌కు కమాను ఉంది. స్వరాన్ని ఎంతసేపైనా లాగొచ్చు. గిటార్, మాండొలిన్ రెండూ మీటే సాజ్‌లే. మీటగానే స్వరం పుడుతుంది, వెంటనే చచ్చిపోతుంది. పైగా రెంటి ఆవాజ్ దగ్గర దగ్గరగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడితే గందరగోళమే.

శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. మాండొలిన్ అసలు వతన్ ఇటలీ. జంటలు జంటలుగా ఎనిమిది తీగలు, మెట్లు. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం దాని మీద పలకదని పెద్దలు అనేవారు. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఉంచుకున్నాడు, ఐదోది కలిపాడు, కరెంటు మాండొలిన్ పట్టాడు. స్వరం నిలబడింది, తీగ వంగింది, గమకం పలికింది. పరాయి సాజ్‌ను రియాజ్‌తో సొంతం చేసుకోవడమంటే ఇదే.

పక్కన కూర్చున్న జాకిర్ హుసేన్ పంజాబ్ ఘరానా ఉస్తాద్ అల్లారఖా కొడుకు. ఆయనే చెప్పుకున్న ఒక కిస్సా ఉంది. పుట్టిన బిడ్డను చేతికిస్తే, చెవిలో దువా చదవాల్సిన అబ్బాజాన్ తబలా బోల్ చదివాడట. అమ్మీ కోపం చేస్తే, “నా ఇబాదత్ ఇదే” అన్నాడట. ఆ జాకిరే చిన్నప్పుడు మద్రసాలోనూ చదువుకున్నాడు, క్రైస్తవుల బడిలోనూ చదువుకున్నాడు, ఇంట్లో తబలా రియాజ్ చేశాడు. ఏదీ ఇంకోదానికి అడ్డం రాలేదు.

‘ది బిలీవర్’ కూడా కచేరీల్లో రికార్డైందే, కానీ నడక వేరు. గిటార్ ఒక ఫికర్ వేస్తే మాండొలిన్ దాన్ని ఇంకో తోవకు తిప్పి తిరిగి ఇస్తుంది. ఒకరి మాట ఒకరు పూర్తి చేసే అన్నదమ్ముల్లా ఉంటారు. తబలాకు సెల్వగణేశ్ కంజీర సవాల్ జవాబ్. ఆ సెల్వగణేశ్ ఎవరో కాదు, పాత ‘శక్తి’లో ఘటం వాయించిన వినాయక్‌రామ్ కొడుకు. ‘లోటస్ ఫీట్’ 1976 నాటి మొదటి శక్తి ఆల్బంలో ఉన్నదే. ఇక్కడ మళ్లీ విన్నప్పుడు అది యాద్‌లా అనిపించదు, అప్పుడే పుట్టినట్టుంటుంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కాబట్టేమో, రెండు జబానులు ఒకదాన్నొకటి తినకుండా ఒకే వాక్యంలో నడవడం నాకు కొత్తగా తోచలేదు. మన ఇళ్లలో రోజూ జరిగేదే.

శ్రీనివాస్ ఊరికి పోవాలంటే మా నార్కట్‌పల్లి మీదుగా బెజవాడ రోడ్డు పట్టాలి. ఇక్కడే ఇంకో రోడ్డు చీలి నల్లగొండ, మిర్యాలగూడ, నరసరావుపేట దాటి అద్దంకికి పోతుంది. ఆ వైపునే చిలకలూరిపేట, ఇంకా ముందుకు పోతే ఒంగోలు దగ్గర కరవది ఉన్నాయి. కరవదిలో 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. తరతరాలుగా గుళ్ల ముందు నాదస్వరం ఊదిన ముస్లిం ఖాందాన్ అది. తర్వాత ఆయన శ్రీరంగంలో స్థిరపడి, త్యాగరాజ కృతులను తమిళనాడు విద్వాంసులే తల వంచి వినేలా వాయించారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1999లో ఇంతెఖాల్ అయ్యారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు కూడా ఈ బాటలోనే నాదస్వరం పట్టారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు.

ఇప్పుడు రెండు రోడ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక దారిలో పాలకొల్లు హిందూ పిల్లవాడు ఇటలీ సాజ్ పట్టుకుని, ముస్లిం ఉస్తాద్ తబలా పక్కన, ఇంగ్లీషువాడి గిటార్‌తో వాయించాడు. ఇంకో దారిలో ముస్లిం ఉస్తాద్ గుడి నాదస్వరాన్ని తన శ్వాసతో నింపాడు. సాజ్‌కు మజహబ్ రాసిపెట్టి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు. సాజ్ ఎవరిదంటే, ఏళ్ల తరబడి దానికి తన వేళ్లూ ఊపిరీ ఇచ్చినవాడిది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న, నలభై అయిదేళ్లకే పోయాడు. జాకిర్ భాయ్ 2024 డిసెంబర్ 15న వెళ్లిపోయారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, శ్రీనివాస్ లేని కొత్త ‘శక్తి’ తీసిన ‘దిస్ మొమెంట్’కు గ్రామీ వచ్చింది.

రేపు మీ ఇంట్లో బేటా అయినా బేటీ అయినా ఒక సాజ్ కావాలని అడిగితే, ఇప్పించాలో లేదో మీ ఇష్టం. ఆ ఫైసలా మీ ఇంటిది. కానీ “మనోళ్లలో ఇవన్నీ ఎవరూ చేయలేదు” అని మాత్రం చెప్పకండి. అది సచ్ కాదు.