ప్రసవానంతర కుంగుబాటు: జంతు పరిశోధనల చరిత్ర

కాన్పు తరువాత కొందరు తల్లులను వారాలు, నెలల తరబడి పట్టి పీడించే దిగులు, నిరాసక్తత, బిడ్డ మీద మనసు నిలవకపోవడం వంటి లక్షణాలను కలిపి ప్రసవానంతర కుంగుబాటు అంటారు. మెదడులో దీని మూలాన్ని ఎలుకల్లో, చిట్టెలుకల్లో వెతికిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

బాలింతల మతిచలనం ప్రస్తావన హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు వైద్యగ్రంథాల్లోనే ఉంది. ఆ తరువాత చెప్పుకోదగినది 1858లో పారిస్ వైద్యుడు లూయీ విక్తోర్ మార్సే ప్రచురించిన గ్రంథం. గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మానసిక రుగ్మతలకే అది కేటాయించిన పుస్తకం.

జంతువులతో పని మాతృ ప్రవర్తన అధ్యయనంగా మొదలైంది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జే రోజెన్‌బ్లాట్ ఎన్నడూ ఈనని ఆడ ఎలుకల దగ్గర పసికూనలను ఉంచి చూశారు. మొదట అవి కూనలను పట్టించుకోలేదు. కొన్ని రోజులు వరుసగా ఉంచేసరికి నోట కరుచుకొని గూటికి చేర్చడం, నాకడం మొదలుపెట్టాయి (1967). 1972లో ఆయన టెర్కెల్‌తో కలిసి చేసిన ప్రయోగం ఇంకా సొగసైనది. అప్పుడే ఈనిన ఎలుక నెత్తురును ఈనని ఎలుకకు ఎక్కిస్తే ఆ మార్పు ఒక రోజులోపే కనిపించింది. తల్లిని చేసేదేదో నెత్తురులో ఉందని దీనితో తేలింది. మెదడులో మీడియల్ ప్రీఆప్టిక్ ప్రాంతం దెబ్బతింటే తల్లి ఎలుక కూనలను విడిచిపెడుతుందని 1974లో మైకేల్ న్యూమన్, మెదడులోకి ఆక్సిటోసిన్ హార్మోన్ ఎక్కిస్తే ఈనని ఎలుకలో సైతం తల్లి ప్రవర్తన మొదలవుతుందని 1979లో పెడర్సన్, ప్రాంజ్ చూపారు.

కుంగుబాటు పరిశోధన మాత్రం చాలాకాలం మగ జంతువులతోనే ఎక్కువగా సాగింది. నీటి తొట్టిలో వేసిన ఎలుక ఎంతసేపు కదలకుండా తేలుతుందో లెక్కించే పోర్సోల్ట్ పరీక్ష 1977 నాటిది. కదలకపోవడం నిరాశా, శక్తిని పొదుపు చేసుకునే తెలివా అన్న వాదన ఇంకా తెగలేదు. దిగులుగా ఉందని ఎలుక నోరు తెరిచి చెప్పలేదు కదా.

2000లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు గర్భం లేని స్త్రీలకు గర్భకాలపు స్థాయిలో హార్మోన్లు ఇచ్చి, కాన్పును అనుకరిస్తూ ఒక్కసారిగా ఆపారు. గతంలో ప్రసవానంతర కుంగుబాటుకు లోనైన 8 మందిలో 5 మందికి మనసు కుంగింది, లోనుకాని 8 మందిలో ఒక్కరికీ కుంగలేదు. మరుసటి ఏడాది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లీసా గేలియా బృందం దాదాపు ఇదే పద్ధతిని ఎలుకల్లో నిలబెట్టింది. అండాశయాలు తీసేసిన ఎలుకలకు 23 రోజులు ఈస్ట్రడయాల్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఇచ్చి ఆపగా అవి తొట్టిలో ఎక్కువసేపు కదలకుండా ఉండిపోయాయి. ఈస్ట్రడయాల్ కొనసాగించినవి తేరుకున్నాయి. మెదడులోని హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక ఈనిన తరువాత తగ్గుతుందన్న ఫలితాలు ఆ దశాబ్దంలోనే వచ్చాయి.

ఈ పరిశోధనలో మరో దారి చాలా పాతది. ప్రొజెస్టెరాన్ ఎక్కువ మోతాదులో ఇస్తే ఎలుకలు మత్తులోకి జారుతాయని హాన్స్ సెల్యే 1941లోనే గమనించారు. ప్రొజెస్టెరాన్ నుంచి శరీరంలో తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ వంటి పదార్థాలు మెదడును నెమ్మదింపజేసే గాబా గ్రాహకాలపై పనిచేస్తాయని 1986లో తేలింది. 2008లో లాస్ ఏంజెలిస్‌లో జేమీ మగ్వైర్, ఇస్త్వాన్ మోడీ చేసిన పని ఈ రంగానికి మలుపు. గర్భకాలంలో ఆ గ్రాహకాల డెల్టా ఉపభాగం తగ్గి, ఈనిన తరువాత మళ్లీ పెరగాలి. ఆ భాగం జన్యుపరంగా లోపించిన చిట్టెలుకలు సరైన గూడు కట్టుకోలేదు, కూనలకు దూరంగా ఉన్నాయి, కొన్ని వాటిని తినేశాయి. ఆ గ్రాహకాలను ప్రేరేపించే మందు ఇవ్వగా తల్లుల తీరు మెరుగుపడింది.

అల్లోప్రెగ్ననలోన్‌నే బ్రెక్సనలోన్ పేరుతో, 60 గంటలపాటు నరంలోకి ఎక్కించే మందుగా, 2019 మార్చిలో అమెరికా అనుమతించింది. ప్రసవానంతర కుంగుబాటుకే ప్రత్యేకంగా అనుమతి పొందిన మొదటి మందు అదే. 2023 ఆగస్టులో ఇదే కుంగుబాటుకు అనుమతి పొందిన జురనొలోన్ మాత్ర రూపంలో ఉంటుంది. దాన్ని 14 రోజులు, రోజుకొకసారి, సాయంత్రం కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకోవాలి.