గోడలో ఎర్ర గొట్టం

మీ ఆఫీసు గేటు దగ్గర గోడలోంచి బయటికొచ్చిన ఎర్ర గొట్టం ఎప్పుడైనా చూశారా? దాన్ని ఫైర్ సర్వీస్ ఇన్‌లెట్ అంటారు. ఫైరింజను వాళ్ళు అక్కడ హోసు తగిలించి లోపలి స్ప్రింక్లర్లకి బయటినుంచి నీళ్ళు తోస్తారు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ అన్నమాట.

దాని విలువేంటో 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో తెలిసింది. 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో 22వ అంతస్తు అంటుకుంది. కరెంటు పోయింది, హోసుల్లో ప్రెషర్ చాలలేదు, ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. పైనుంచి రాలిన అద్దాలు కింద పరిచిన హోసుల్నీ కోసేశాయి. ఎనిమిది అంతస్తులు కాలాక, 30వ అంతస్తులో పది స్ప్రింక్లర్లు తెరుచుకున్నాయి. వాటికి నీళ్ళు పంపింది బయటి ఇంజన్లే. మంట అక్కడితో ఆగింది!

మన దగ్గర 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలొస్తే, ఉద్యోగానికొచ్చిన ఆరుగురు యువతీ యువకులు పొగకి ఊపిరాడక పోయారు. మనలాంటి వాళ్ళే.

ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనూ అపార్టుమెంట్లు, షాపింగ్ మాల్స్ లేస్తున్నాయి. ఇన్‌లెట్ పెడితే చాలదు, ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. రోడ్డు వైపు, ఇంజను ఆగగలిగే చోట, పైనుంచి అద్దాలు రాలని చోట ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ వెనకో, బైకుల వరస వెనకో ఉంటే అది లేనట్టే లెక్క.

ఊళ్ళో ఫ్లాటు కొనేముందు వాస్తు చూస్తాం కదా... ఆ గొట్టం ఎక్కడుందో కూడా ఓసారి చూడండి.