లారీ మొహం మట్టిలోంచి వచ్చింది

పోస్టు కొంచెం పెద్దది. మోటారు ఆన్ చేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

పిల్లల ఫోన్లలో రిమోట్ లారీల వీడియోలు మీరూ చూసే ఉంటారు. మూరెడు పొడవు లారీ బురదలో దిగుతుంది, గట్టెక్కుతుంది, వెనకాల ట్రాలీని లాక్కుపోతుంది. చూసినవాళ్ళంతా దాని మోటారు ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, రేటెంత అని అడుగుతారు. నా కన్ను మాత్రం పైనున్న బాడీ మీద పడింది. ఆ బానెట్టు వంపు, మడ్‌గార్డు గుండ్రం, గ్రిల్లు సందులు, ఇంత చిన్న సైజులో అచ్చం అసలు బండిలా ఎవరు చేశారు, ఎలా చేశారు? ఆ కథ చదువుకుంటూ పోతే చివరికి మట్టి దగ్గర తేలింది. మట్టి సంగతి మనకు కాకపోతే ఇంకెవరికి కావాలి, అందుకే రాస్తున్నా.

కథ గుర్రపు బళ్ళతో మొదలవుతుంది. అమెరికాలో లాస్ ఏంజిలెస్‌లో జె.డబ్ల్యూ. ఎర్ల్ అనే ఆయనకు గుర్రపు బళ్ళు తయారుచేసే షెడ్డు ఉండేది. కార్లు వచ్చాక 1908లో అదే షెడ్డు కార్లకు బాడీలు కట్టడం మొదలెట్టింది. డబ్బున్నవాళ్ళు ఆ రోజుల్లో కంపెనీ నుంచి ఇంజనూ ఛాసిస్సూ కొనుక్కుని, బాడీ విడిగా తమకు నచ్చినట్టు కట్టించుకునేవాళ్ళు. మన లారీ ఓనర్లకు ఇదేం వింత కాదు, ఆ మాటకు మళ్ళీ వస్తాను.

ఆయన కొడుకు హార్లీ ఎర్ల్ 1893లో పుట్టాడు. హాలీవుడ్ పక్కనే ఉంది కాబట్టి సినిమా వాళ్ళే గిరాకీ. కౌబాయ్ హీరో టామ్ మిక్స్ కారు మీద ఏకంగా గుర్రపు జీను బిగించి ఇచ్చారని చెబుతారు. 1919లో కాడిలాక్ డీలరు డాన్ లీ ఆ షెడ్డును కొన్నాడు, హార్లీ అక్కడే పనిలో కొనసాగాడు. బాడీ ఎలా ఉండబోతుందో గిరాకీకి చూపించడానికి మిగతావాళ్ళు చెక్క చెక్కి, రేకు కొట్టి నమూనా చేస్తుంటే, ఈయన మట్టితో చేసేవాడు. తేడా మీకు చెప్పక్కర్లేదు. చెక్క ఒకసారి కోస్తే కోసినట్టే. మట్టి అయితే ఎక్కువైన చోట గీకెయ్యొచ్చు, తక్కువైన చోట ముద్ద అంటించొచ్చు. గిరాకీ పక్కన నిలబడి "ఇక్కడ కొంచెం దించు" అంటే అప్పటికప్పుడు దించొచ్చు.

పైకి చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ బళ్ళ రూపమే దీంతో మారిపోయింది. రేకుతో ఆలోచించేవాడికి బానెట్టు ఒక ముక్క, మడ్‌గార్డు ఒక ముక్క, తలుపు ఒక ముక్క. మట్టితో చేసేవాడికి బండంతా ఒకే ముద్ద. ఒక వంపు ముందు మొదలై వెనక దాకా తెగకుండా పోతుంది. కాడిలాక్ పెద్ద లారెన్స్ ఫిషర్ ఈ పద్ధతి చూసి ముచ్చటపడ్డాడు. హార్లీని పిలిపించి చేయించిన బండే 1927 లాసాల్. అదే ఏడాది జనరల్ మోటార్స్ కంపెనీ బళ్ళ రూపం కోసమే ఒక విభాగం పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ మట్టి పట్టాయి. కంప్యూటర్ ఇంత వచ్చినా ఇప్పటికీ పెద్ద కంపెనీల్లో పూర్తి సైజు బండిని మట్టిలో చేసి చూసుకుంటున్నారు. మిషను చెక్కి పెడుతుంది, చివరి నునుపు మాత్రం మనిషి చెయ్యే.

అయితే అది మన చెరువు మట్టి కాదు. నల్లరేగడి సంగతి మనకు తెలిసిందే, తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. కుమ్మరి మట్టి అంత కాకపోయినా ఆరేటప్పుడు కుదించుకుపోతుంది. మట్టి వినాయకుడికి మెడ దగ్గర పగులు వచ్చేది అందుకే. నీళ్ళు పోయిన మేరకు ముద్ద తగ్గుతుంది, లోపల చెక్క దిమ్మ తగ్గదు, పైన పగులుతుంది. కొలత ప్రకారం బండి చేసేవాడికి ఇది పనికిరాదు. అందుకని నీళ్ళ బదులు మైనం, నూనె కలిపిన మట్టి వచ్చింది. చాలాకాలం అందులో గంధకం కూడా కలిపేవారు. మనం ద్రాక్షకూ మిరపకూ బూడిద తెగులుకి కొట్టే గంధకమే. ఈ మట్టి ఆరదు, కుదించుకోదు. 60 డిగ్రీల దాకా వేడి చేస్తే వెన్నలా మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడి కత్తికి చక్కగా తెగుతుంది. నెల తర్వాత వచ్చి మళ్ళీ వేడి చేసి పని మొదలెట్టొచ్చు.

నునుపు చూసే పద్ధతి ఒకటి నాకు భలే నచ్చింది. దమ్ము చేసిన మడిలో పల్చగా నీళ్ళు నిలిపితే మెరక ఎక్కడుందో, పల్లం ఎక్కడుందో దానంతటదే తెలిసిపోతుంది కదా. వాళ్ళు కూడా మట్టి మీద మెరిసే పల్చటి పొర అంటించి, దాని మీద పడే వెలుగు గీత ఎక్కడ వంకర పోతుందో చూస్తారు. చేతికి తగలని గుంట వెలుగులో దొరుకుతుంది.

ఇక చిన్న బళ్ళ సంగతి. వైరు లేకుండా బండిని నడపడం కొత్త ముచ్చటేం కాదు. నికోలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లో నీళ్ళ తొట్టెలో చిన్న పడవను రేడియోతో నడిపి చూపించాడు. కానీ బజారులో కొనుక్కునే రిమోట్ కారు రావడానికి ఇంకో 68 ఏళ్ళు పట్టింది. 1966లో ఇటలీలోని ఎల్-జీ అనే కంపెనీ ఫెరారీ కారును 12వ వంతు సైజులో తెచ్చింది. జపాన్ వాళ్ళ టామియా 1976లో పోర్షే 934 తెచ్చాక ఇది ఊరూరా పాకింది. ఈ టామియా మొదట్లో కలప కోసే మిల్లు. తర్వాత చెక్క బొమ్మల్లోకి, 1960లో ప్లాస్టిక్ బొమ్మల్లోకి దిగింది. లారీలు, పికప్‌లు తర్వాత వచ్చాయి, 1981లో టయోటా హైలక్స్ వచ్చింది.

ఇక్కడ రైతుకి సంబంధించిన గమ్మత్తు ఒకటుంది. పెద్ద పెద్ద టైర్లేసుకుని కార్ల మీదికెక్కి తొక్కే మాన్‌స్టర్ ట్రక్కులు చూశారుగా. వాటికి ఆద్యుడు మిస్సోరీ రాష్ట్రంలోని బాబ్ చాండ్లర్, బండి పేరు బిగ్‌ఫుట్. 1981లో అది మొదటిసారి పాత కార్లను తొక్కింది ఒక రైతు పొలంలోనే, ఆయన పర్మిషన్ తీసుకుని. మరుసటి ఏడాది రెండో బండికి బిగించిన 66 అంగుళాల టైర్లు పొలంలో ఎరువు చల్లే భారీ యంత్రాలవి. దిగబడకుండా ఉండాలని చేసిన టైరు తమాషాకు పనికొచ్చింది. 1986లో టామియా తెచ్చిన బ్లాక్‌ఫుట్ అనే రిమోట్ పికప్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కంపెనీ బొమ్మల బాడీకి గట్టి ప్లాస్టిక్ వాడితే దానికి ఉక్కు అచ్చు కావాలి. కరిగిన ప్లాస్టిక్‌ను బలంగా లోపలికి కొట్టాలి. ఉక్కు అచ్చు చాలా ఖరీదు, వేల బొమ్మలు అమ్ముడైతేనే ఆ ఖర్చు తిరిగొస్తుంది. అందుకే అమెరికా పికప్ బొమ్మ దొరుకుతుంది, యూరప్ లారీ బొమ్మ దొరుకుతుంది. పది మందికి మాత్రమే కావలసిన బండిని ఏ కంపెనీ చెయ్యదు. అలాంటి బండి కావలసినవాడు హార్లీ ఎర్ల్ దారి పట్టాల్సిందే, మట్టి పిసకాల్సిందే.

ఈ దారి తెరిచింది పాలీకార్బొనేట్. పాలీహౌస్ కప్పుకీ గోడలకీ వాడే షీటు మీకు తెలుసు, దాని జాతే. 1953లో జర్మనీలో ఒకరు, అమెరికాలో ఒకరు, ఎవరికి వారు దీన్ని కనిపెట్టారు. పల్చటి షీటును వేడి చేసి అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తే తడిగుడ్డలా అంటుకుని ఆ ఆకారం తెచ్చుకుంటుంది. ఉక్కు అచ్చు అక్కర్లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో అయ్యే పని.

పని వరస ఇలా ఉంటుంది. ముందు ఛాసిస్ కొలతకు చెక్క దిమ్మ కోసి దాని మీద మైనం మట్టి పట్టిస్తారు. అట్టముక్కను బండి సగం ఆకారానికి కత్తిరించి కుడిపక్క పెట్టి గీకి, అదే అట్టను తిప్పి ఎడమపక్క పెట్టి గీకుతారు, రెండు పక్కలా ఒకేలా వస్తుంది. గీకడానికి విరిగిన హాక్సా బ్లేడు ముక్క చాలు. కానీ ఈ మట్టి మీద నేరుగా వేడి షీటు వేస్తే కరిగి ముద్దయిపోతుంది. కాబట్టి మట్టి మీద వాజలైన్ లాంటిది రాసి, ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మళ్ళీ గట్టి ప్లాస్టరో రెసినో పోసి దిమ్మ తీస్తారు. షీటు పరిచేది ఈ రెండో దిమ్మ మీద. గాలి పోవడానికి మూలల్లో సూది బెజ్జాలు పెట్టాలి. షీటును ముందే ఆరబెట్టాలి, తేమ ఉంటే వేడికి లోపల బుడగలొస్తాయి. రంగు కూడా పైన కాదు, లోపలి పక్క వేస్తారు. ముందు గీతలు, అక్షరాలు, ఆ తర్వాత అసలు రంగు. బయట ఎంత రాసుకున్నా రంగు పోదు. రబ్బరు అచ్చు తీసేవాళ్ళకు ఒక మాట: గంధకం ఉన్న మట్టి మీద కొన్ని రకాల సిలికాన్ గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. గంధకం లేని మట్టి అడిగి కొనండి.

మన ఆదిలాబాద్ ఓఝాలు చేసే ఢోక్రా ఇత్తడి బొమ్మల్లో ఇది తిరగేసి ఉంటుంది. అక్కడ ఆకారం మైనంది, అచ్చు మట్టిది. ఇత్తడి పోశాక అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకలా ఉండవు. లారీ పనిలో మట్టిది ఆకారం, అచ్చు ప్లాస్టర్‌ది. ఒక దిమ్మ మీద ఎన్ని బాడీలైనా లాగొచ్చు.

ఇప్పుడు మన లారీల దగ్గరకు వద్దాం. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ళు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మన దగ్గర లారీ కొంటే చాలావరకు ఛాసిస్, ఇంజను, ముందు మొహమే వచ్చేవి. క్యాబిన్, తొట్టి బెజవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కట్టించుకోవడమే. హార్లీ ఎర్ల్ నాన్న షెడ్డులో జరిగిన పనే ఇది, కాకపోతే ఇక్కడ మట్టీ లేదు, కాగితమూ లేదు. వడ్రంగి మేస్త్రీ కంటి కొలత, రేకు పనివాడి సుత్తి దెబ్బ. నెత్తి మీద బోర్డు, దాని మీద ఓనరు పిల్లల పేర్లు, తలుపు మీద పూల తీగ, లోపల చెక్క సీటు. మన పొగాకు, మిరప టిక్కీలు, పత్తి బోరాలు, ధాన్యం బస్తాలు ఆ లారీల మీదే మార్కెట్టుకు పోయాయి.

ఆ బళ్ళకు డ్రాయింగు ఎక్కడా లేదు. అదే నన్ను గుచ్చుతోంది. అమెరికాలో 1927 కారుకు ఫోటోలున్నాయి, కాగితాలున్నాయి, మ్యూజియంలో బండి కూడా ఉంది. మన మేస్త్రీ కట్టిన క్యాబిన్ తుక్కుకు పోయిందంటే ఇక అంతే. 2021లో కేంద్రం పాత బళ్ళ తుక్కు విధానం తెచ్చింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని 2023లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. డ్రైవరుకు అది న్యాయమే, మే నెలలో ఇంజను పక్కన కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ కష్టం. కానీ దాంతో క్యాబిన్లు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, చెక్క క్యాబిన్ కట్టే చేతికి పని ఉండదు.

అందుకే రిమోట్ లారీ మీద మోజున్న కుర్రాళ్ళు మన ఊళ్ళో ఉంటే, తెల్లవాళ్ళ పికప్ బాడీ కొనే బదులు మన పాత లారీని మట్టిలో చెయ్యమనండి. కాకపోతే మన లారీతో చిక్కొకటుంది. అది పెట్టెలా నిటారుగా ఉంటుంది. బెల్లం అచ్చు పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఎందుకుంటుంది? లేకపోతే దిమ్మ ఊడిరాదు. షీటు కూడా అంతే, గోడలు మరీ నిటారుగా ఉంటే పట్టేస్తుంది. కంటికి తెలియనంతగా పైకి వెళ్ళేకొద్దీ కొంచెం లోపలికి వాల్చాలి. నెత్తి మీద బోర్డు, అద్దాల చేతులు, బంపరు విడిగా చేసి అతికించాలి.

సైజుకి 14వ వంతు బాగుంటుంది. రిమోట్ లారీలకు ఆ సైజు టైర్లు, ఇరుసులు తేలిగ్గా దొరుకుతాయి. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 4.2 మీటర్లున్న లారీ అయితే బొమ్మలో 30 సెంటీమీటర్లు వస్తుంది.

ఊళ్ళో ఏ గడ్డివాము వెనకో, రైసు మిల్లు ఆవరణలోనో పాత లారీ ఉంటే తుక్కువాడు రాకముందే టేపు పెట్టి కొలవండి. బానెట్టు ఎత్తు, అద్దం వాలు, తలుపు వెడల్పు, బోర్డు పొడుచుకొచ్చిన మేర. ఫోటో తీస్తే దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి, దగ్గర నుంచి తీస్తే బానెట్టు ఉబ్బినట్టు పడుతుంది, ఆ ఫోటో చూసి చేసిన మట్టి తప్పుతుంది. అది కట్టిన మేస్త్రీ ఎవరో ఓనరుకు గుర్తుంటే ఆ పేరూ, షెడ్డు ఏ ఊళ్ళో ఉండేదో కూడా కొలతల పక్కనే రాసిపెట్టండి.